ఫిజీకి వెళ్ళిన యువ మిషనరీ, మన సాక్ష్య కూటాలు

విదేశంలో సేవ చేసి వచ్చిన యవ్వనస్థుడికి సంఘంలో మైకు ఇస్తే ఏం చెబుతాడో మనలో చాలామందికి కంఠతా వచ్చు. రాదనుకున్న వీసా ఎలా వచ్చింది, విమానాశ్రయంలో బైబిళ్ళ పెట్టె ఎలా దాటింది, అక్కడి తిండి మొదట్లో ఎలా సయించలేదు, కూటానికి ఎంతమంది వచ్చారు, ఎన్ని చేతులు లేచాయి. తెర మీద ఫొటోలు. బిస్కెట్ పొట్లాలు పట్టుకున్న పిల్లల మధ్య మన తమ్ముడు తెల్ల చొక్కాలో నవ్వుతూ. ఆఖర్న మిషన్ కానుక. అందరం ఆమేన్ అంటాం, ఇళ్ళకు పోతాం.

ఆ సాక్ష్యంలో ఒక సంగతి మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఆ ఊరి జనం ఏం పని చేసి బతుకుతున్నారు? రోజుకు కూలి ఎంత? ఇచ్చేవాడు ఎవడు? ఎగ్గొడితే ఎవరితో చెప్పుకుంటున్నారు? మేము కొన్ని కూటాల్లో ఈ ప్రశ్నలు అడిగి చూశాం. "బ్రదర్, మేము ఆత్మల కోసం వెళ్ళాం, యూనియన్ పెట్టడానికి కాదు" అన్నది ఎక్కువగా వినిపించిన జవాబు. చెప్పినవాళ్ళు మంచి పిల్లలే. ఆ జవాబు నేర్పినవాళ్ళతోనే మాకు పేచీ.

ఎందుకంటే ఈ పత్రిక చదివే మనం ఎవరం? కోలారు గనుల్లోకి దిగినవాళ్ళ మనవలం. షోలాపూరు మగ్గాల మీద, ముంబై కట్టడాల మీద, మద్రాసు రేవులో, బరంపురం బజార్లలో ఒళ్ళు వంచినవాళ్ళ పిల్లలం. మన తాతముత్తాతల్లో చాలామంది కూలి కోసమే తెలుగు నేల విడిచారు. అలాంటి ఇళ్ళలోంచి వెళ్ళిన బిడ్డ పరాయి దేశంలో కూలివాడి కంచం వంక చూడకుండా, అతని ఆత్మ ఒక్కటే చూసి తిరిగి వచ్చాడంటే మాకు మింగుడు పడటం లేదు.

అందుకే ఇంకో యువ మిషనరీ అనుభవాన్ని మన కుర్రవాళ్ళ ముందు పెట్టాలనుకున్నాం. పాతది. మనవాడూ కాదు. కానీ ఆయన చూసిన జనంలో మనవాళ్ళున్నారు.

జాన్ వేర్ బర్టన్ న్యూజిలాండ్‌లో పెరిగిన మెథడిస్టు. 1902లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, ఫిజీ ద్వీపాలకు వెళ్ళాడు. అక్కడి చెరకు తోటల్లో పనిచేస్తున్న భారతీయుల మధ్య సువార్త పని ఆయనకు అప్పగించారు. రేవా నది ఒడ్డున, నౌసోరి ప్రాంతంలో ఆయన మకాం. నౌసోరిలో సిడ్నీకి చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ వారి చక్కెర మిల్లు 1882 నుంచి నడుస్తోంది. చుట్టూ చెరకు. చెరకు మధ్యలో కూలీ లైన్లు.

లైన్లంటే ఏమిటో చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. బారుగా కట్టిన చెక్క గదులు. ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్ళు, లేదా ఒక జంటా వాళ్ళ పిల్లలూ. పొయ్యి అందులోనే, పడక అందులోనే, తడిసిన బట్టలు అందులోనే. అయిదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంట్ అన్న మాట కూలీల నోట్లో గిర్మిట్ అయింది, వాళ్ళు గిర్మిటియాలు అయ్యారు. కాగితం మీద మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. అది కూడా అప్పజెప్పిన పని పూర్తిచేస్తేనే. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషి ఆరు గంటల్లో చేయగలిగినంత పని 'ఒక టాస్క్' అని చట్టం చెప్పింది. ఆ మామూలు మనిషి ఎవరో, అతని బలం ఎంతో తేల్చేది మాత్రం తోట ఓవర్సీరు. వచ్చిన కొత్తలో రేషన్ కంపెనీయే ఇచ్చి, రోజుకు నాలుగు పెన్నీలు జీతంలోంచి పట్టుకునేది. పనికి రాకపోయినా, టాస్క్ మిగిలిపోయినా అది నేరం. కోర్టు, జరిమానా, జైలు. పోయిన రోజులు ఒప్పందం చివర కలిపేవాళ్ళు. ఓడల్లో నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళ లెక్కన ఎక్కించాలన్నది నియమం. దాని వల్ల లైన్లలో ఆడవాళ్ళ బతుకు ఏమైందో వివరించనవసరం లేదు. కూలీలు ఆ చోటును నరకం అనే పిలిచారు. ఉరి పోసుకున్నవాళ్ళు తక్కువమంది కాదు.

1879లో లియోనిడాస్ అనే ఓడ మొదటి గుంపును కలకత్తా నుంచి దించింది. 1916 దాకా వెళ్ళినవాళ్ళు మొత్తం 60,965 మంది. బర్టన్ అక్కడికి చేరిన మరుసటి ఏడు, 1903లో, మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు మొదలయ్యాయి. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల జనం వాటిలో ఎక్కారు. ఆఖరుకు మొత్తంలో దాదాపు నాలుగో వంతు మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళే. తెలుగువాళ్ళనూ తమిళులనూ మలయాళీలనూ కలిపి తోటల్లో అందరినీ 'మద్రాసీ' అన్నారు. ఓవర్సీరు భాష హిందుస్తానీ. సర్దారు భాష హిందుస్తానీ. మిషన్ పని కూడా ప్రధానంగా హిందుస్తానీలోనే. గోదావరి నుంచి వెళ్ళిన మనిషికి తిట్టు అర్థం కావడానికే నెలలు పట్టి ఉంటుంది. పొరుగు రాష్ట్రంలో బడిలో, రేషన్ షాపులో భాష రాక నిలబడిన అమ్మమ్మలున్న ఇళ్ళ వాళ్ళకు మేము ఇంకా చెప్పేదేముంది?

బర్టన్ దగ్గరికి వద్దాం. ఆయన పనిలో బాప్తిస్మాల లెక్క చాలా చిన్నది. మన సాక్ష్య కూటంలో నిలబెడితే ఆయనకు చూపించడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. కానీ ఆయన లైన్లలోకి వెళ్ళాడు. ఎందుకు వినరు ఈ జనం అని అడుగుతూ వెళ్ళినవాడికి, వీళ్ళను ఏ స్థితిలో ఉంచారు అన్న ప్రశ్న ఎదురైంది. పొద్దున చీకటితో తోటకు తోలి, సాయంత్రం కోర్టుకు ఈడ్చే వ్యవస్థను నడిపేవాళ్ళు క్రైస్తవులమని చెప్పుకునేవాళ్ళు. అదే రంగు, అదే భాష, అదే మతం ఉన్న మనిషి ఆదివారం వచ్చి దేవుని ప్రేమ గురించి చెబితే కూలీకి ఎలా వినిపిస్తుంది? బర్టన్‌కు ఇది తెలిసింది. తెలిశాక నోరు మూసుకోలేదు. ఫిజీలోని భారతీయుల మధ్య పని గురించి 1909లో ఒక చిన్న పుస్తకం, 1910లో 'ద ఫిజీ ఆఫ్ టుడే' అనే పెద్ద పుస్తకం రాశాడు. గిర్మిట్‌ను బానిసత్వం పక్కనే పెట్టి చూశాడు. గదుల కొలతలతో సహా, ఆడవాళ్ళ స్థితితో సహా అచ్చులో పెట్టాడు.

తోటల యజమానులు మండిపడ్డారు. అది ఊహించినదే. మా దృష్టిలో ముఖ్యమైనది రెండోది. ఆయన సొంత మిషన్ బోర్డు కూడా ఆయన రాతలకు అండగా నిలవలేదు, తమకు సంబంధం లేదన్నట్టు దూరం జరిగింది. ఫిజీలో తెల్లవాళ్ళ సమాజం చిన్నది. మిల్లు మేనేజరూ మేజిస్ట్రేటూ మిషనరీ ఒకరికొకరు తెలిసినవాళ్ళు. ఆత్మల లెక్క పంపితే సంతోషించే బోర్డు, కూలి లెక్క పంపేసరికి ఇబ్బంది పడింది. నూట పదిహేనేళ్ళు దాటినా ఈ ఇబ్బంది మన కమిటీల్లో అలాగే ఉంది. రియల్ ఎస్టేట్ వ్యాపారి మందిరానికి స్లాబు వేయించాడు, ఆయన సైటులో కూలీలకు మూడు వారాలుగా డబ్బులు లేవు, ఆదివారం ప్రసంగంలో ఆ మాట ఎత్తిన కుర్ర పాస్టరుకు "సందర్భం చూసుకోవాలి బాబూ" అని హెచ్చరిక. ఇలాంటివి మాకు ఒకటి కాదు, చాలా తెలుసు.

బర్టన్‌ను పరిశుద్ధుణ్ణి చేసి పటం కట్టమని మేము అనడం లేదు. హిందువుల మతం గురించి, నడవడి గురించి ఆయన రాసిన వాటిలో చాలా మాటలు దొర చూపుతో రాసినవే. ఇవాళ మన మధ్య ఎవరైనా అలా మాట్లాడితే మేమే ముందు లేచి అడ్డం చెబుతాం. ఆ దుర్మార్గాన్ని ఆపింది ఆయనొక్కడే అనడం కూడా అబద్ధం. ఆయన కంటే ముందే, 1897లో, ఫిజీకి వచ్చిన హన్నా డడ్లీ అనే మెథడిస్టు స్త్రీ సువాలో అనాథ పిల్లలను చేరదీసి, కూలీల ఇళ్ళకు తిరిగి, గిర్మిట్ ఆడవాళ్ళను ఏం చేస్తోందో భారతదేశపు పాఠకులకు చేరేలా రాసింది. మిషన్ చరిత్రల్లో ఆమెకు దక్కిన చోటు బహు తక్కువ. తోతారాం సనాఢ్య 1893లో మోసపోయి ఫిజీ చేరిన గిర్మిటియా. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత తిరిగివచ్చి 1914లో తన అనుభవాలను హిందీలో పుస్తకంగా తెచ్చాడు. ఉత్తర భారతాన్ని కదిలించిన ఆ పుస్తకంలో బర్టన్ రాతలనే సాక్ష్యంగా చూపించాడు. మిషనరీతో మతం విషయంలో ఏకీభవించని హిందువు, మిషనరీ చెప్పిన కూలి లెక్కను మాత్రం నమ్మాడు. ఇది మన ఆత్మల సంపాదన క్లాసుల్లో చెప్పాల్సిన పాఠం, ఎవరూ చెప్పరు.

ఇంకొకరి పేరు తప్పక చెప్పాలి. కుంతి. గోరఖ్‌పూర్ జిల్లా నుంచి వెళ్ళిన చమార్ కులపు స్త్రీ. 1912 ఏప్రిల్‌లో, రేవా ప్రాంతంలోని ఒక తోటలో, ఓవర్సీరు ఆమెను మిగతా ఆడవాళ్ళకు దూరంగా ఒంటరిగా పనికి పెట్టి చెరచబోయాడు. తప్పించుకుని నదిలో దూకింది. పడవలో ఉన్న ఒక కుర్రవాడు కాపాడాడు. ఆమె తన కథను ఊరికే వదల్లేదు. ఆమె చెప్పినది ఉత్తరంగా కలకత్తా పత్రిక 'భారత్ మిత్ర'లో వచ్చింది, దేశమంతా గగ్గోలైంది. అప్పటికి బర్టన్ ఫిజీలో లేడు. మన పిల్లలకు ఎప్పుడూ నోరు లేని పేదలూ, వాళ్ళ తరఫున మాట్లాడే మిషనరీ, ఈ రెండు పాత్రలే చూపిస్తాం. కుంతికి నోరు ఉంది. ఆమె మాటను అచ్చు దాకా చేర్చే మనుషులు కావలసి వచ్చారంతే. ఆ చేర్చే పనికి పరిచర్య అని పేరు పెట్టడానికి మనకేం అడ్డం?

తర్వాత జరిగింది త్వరగా చెబుతాం. 1912లో గోఖలే శాసనమండలిలో పెట్టిన తీర్మానం ఓడిపోయింది. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ వెళ్ళి లైన్లు తిరిగి నివేదిక రాశారు. ఆండ్రూస్ కూడా 1904లో ఢిల్లీకి మిషనరీగా వచ్చినవాడే, మనం దీనబంధు అని పిలుచుకునే మనిషి. 1916 మార్చిలో మాలవీయ పెట్టిన తీర్మానానికి ప్రభుత్వం తలొగ్గింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

"ఇదంతా తెల్లవాళ్ళ కథ, మన తెలుగు సంఘానికేం సంబంధం" అనే పెద్దలకు ఒక సంగతి గుర్తుచేస్తాం. మద్రాసు ఓడలు ఫిజీకి మొదలైన ఆ 1903లోనే, తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపింది. లండన్‌కు కాదు, న్యూయార్కుకు కాదు. చెరకు తోటల్లో, కియర్స్‌నీ తేయాకు తోటలో పనిచేస్తున్న తెలుగు కూలీల దగ్గరికి. గిర్మిట్ ముగిశాక అక్కడే ఉండిపోయిన కూలీ మీద ఏటా మూడు పౌన్ల తలపన్ను వేసిన దేశం అది. రంగయ్య గారు 1915లో కన్నుమూసే దాకా ఆ జనంతోనే ఉన్నారు. ఆనాటి తెలుగు సంఘాలు ఏమంత కలిగినవి కావు. బర్మాకు, నాటాల్‌కు మన జనం ఎటు పోతే సేవకుడు అటు పోవాలన్న తెలివి ఆ సంఘాలకు ఉండేది. ఇప్పుడు మన విదేశీ పరిచర్య పటం తీసి చూడండి. డాలసు ఉంది, న్యూజెర్సీ ఉంది, మెల్‌బోర్న్ ఉంది. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కలకు సెలవు దొరికే శుక్రవారం పూట ఎవరున్నారు? ఉన్నవాళ్ళు కూడా తోటి పనివాళ్ళే, పగలు డ్రైవరు, రాత్రి పాస్టరు. వాళ్ళకు మన సంఘాల నుంచి వెళ్ళేది ప్రార్థన విన్నపాల జాబితా.

ఒక ఆక్షేపణ నిజమైనది, దాటవేయం. గల్ఫ్‌లో నోరెత్తితే వీసా పోతుంది, మన మూలంగా అక్కడి విశ్వాసులకు ప్రమాదం. అవును. అక్కడ నినాదాలు ఇవ్వమని మేము ఎవరికీ చెప్పడం లేదు. కానీ ఎవరి పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగడానికి నినాదం అక్కర్లేదు. యజమాని పాస్‌పోర్టు లాక్కుని దాచుకోవడం చాలా గల్ఫ్ దేశాల చట్టాల ప్రకారమే తప్పు. మన దేశంలో లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలకు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. లక్షన్నర ఇచ్చి వెళ్ళిన చెల్లెలికి ఈ సంగతి ముందే తెలిస్తే ఆమె అప్పు ఎంత తగ్గేది? రసీదు లేని ఆ డబ్బు, రాసుకోని ఆ జీతపు లెక్క, భాష తెలియని ఆ కాగితం మీద వేలిముద్ర, వీటిని మన సేవకుడు ఒక నోటు పుస్తకంలో రాసుకుని వస్తే, ఎంబసీకి గానీ లాయరుకు గానీ చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. బర్టన్ చేసింది మొదట అదే. కొలిచాడు, రాసుకున్నాడు.

రెండో ఆక్షేపణ: సువార్త ముందు, తిండి తర్వాత. దీనికి మేము తర్కం చెప్పం. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం, ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగు తెరిచి ఎగ్గొట్టిన కూలి గురించి ఏముందో చూడమంటాం. మన క్యాలెండర్ల మీద అచ్చయ్యే వాగ్దాన వచనాల్లో ఆ మాటలు ఎప్పుడూ కనపడవు, అది వేరే సంగతి.

ఇక ఫిజీ అంత దూరం పోనక్కర్లేని సంగతి ఒకటుంది. ఒడిశాలో ఉన్న మన సంఘాల వారికి దాదన్ అన్న మాట తెలుసు. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి దళితులు, ఆదివాసులు ఏటా పంట పని అయిపోగానే సర్దారు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు వెళతారు. మొగుడూ పెళ్ళాం, చేతికింద ఒక పిల్లవాడు, ఈ ముగ్గురూ కలిసి ఒక యూనిట్. ఎక్కడికి వెళతారు? ఎక్కువమంది తెలంగాణకు, ఆంధ్రకు. మన తెలుగువాళ్ళ బట్టీలకు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. అడ్వాన్సు తీరే దాకా కదలడానికి లేదు. చట్టం 1976లోనే కట్టుబానిసత్వాన్ని రద్దు చేసింది. 2013 డిసెంబరులో, అడ్వాన్సు డబ్బు తగాదాలో, కలహండికి చెందిన ఇద్దరు కూలీల కుడిచేతులు నరికేశారు. ఆ ఇద్దరికీ భాష రాని విదేశం మన తెలుగు నేలే. వాళ్ళ దృష్టిలో ఓవర్సీరు తెలుగులో తిడతాడు.

బట్టీల యజమానుల్లో, మునీముల్లో, ఇటుకలు కొని మందిరాలు కట్టేవాళ్ళలో మనవాళ్ళు లేరని ఎవరైనా ప్రమాణం చేయగలరా? ఫిజీ పేరు ఎత్తితే కన్నీళ్ళు పెట్టుకునే మనం మందిరం గోడలోని ఇటుక ఎవరు చేశారో అడిగామా? ఒడియా వచ్చిన తెలుగు విశ్వాసులు బరంపురం, రాయగడ, జయపురం సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. రెండు భాషలూ నోటికి వచ్చిన వాళ్ళు. బర్టన్‌కు లేని భాగ్యం ఇది. గోదావరి కూలీతో ఆయన తెలుగులో మాట్లాడలేకపోయాడు. మన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు బలంగీర్ తల్లితో ఆమె మాటల్లో మాట్లాడగలరు, యజమానితో తెలుగులో మాట్లాడగలరు. ఇంతమంది దుబాసీలను చేతిలో పెట్టుకుని, వచ్చే ఎండాకాలం ఆఫ్రికాకు పది రోజుల మిషన్ ట్రిప్పుకు తలకు లక్షన్నర చందా వసూలు చేస్తున్నాం.

ట్రిప్పులు మానేయమని మేము అనం. వెళ్ళండి. కానీ తిరిగి వచ్చి మైకు పట్టుకున్నప్పుడు, లేచిన చేతుల లెక్కతో పాటు ఆ చేతులకు రోజుకు ఎంత కూలి ముట్టిందో కూడా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ కానుక పళ్ళెం తిప్పకూడదని మా సంఘాల మిషన్ కమిటీలకు ఈ ఏడు రాసి పంపుతున్నాం. బట్టీలు నవంబరు, డిసెంబరులో మొదలవుతాయి. క్రిస్మస్ కరోల్స్ బృందాలు సరిగ్గా ఆ రోజుల్లోనే తిరుగుతాయి. మన బంధువులు, స్నేహితులు ఉన్న తెలుగు ఊళ్ళలోని బృందాలకు ఫోన్ చేసి, ఈసారి ఊరి బయట బట్టీ దగ్గర కూడా ఆగమని చెప్పండి. కేకు తీసుకెళ్ళినా తీసుకెళ్ళకపోయినా ఒడియా వచ్చిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళమనండి. అడ్వాన్సు ఎంత, ఇప్పటిదాకా ఎన్ని ఇటుకలు, చిట్టా ఎవరి దగ్గర ఉంది, పిల్లవాడు ఏ తరగతిలో బడి మానాడు, రాసుకుని రమ్మనండి. ఆ కాగితాలు మాకు చేరిస్తే జిల్లా కార్మిక శాఖకు, కలెక్టరు కార్యాలయానికి ఎలా పంపాలో మేము చూసుకుంటాం.